ఏడో మలుపు దగ్గర

ఆ పట్టీ తీసెయ్యండి డాక్టరమ్మా. నా బీపీతో మీకేం పని? నాకు గుండెనొప్పీ లేదు, పాడూ లేదు. లోపలికి రావడానికి అలా చెప్పాను.

కోప్పడకండి. ఇంకేం చెయ్యమంటారు? పొద్దుట్నించీ మూడు గేట్ల చుట్టూ తిరుగుతున్నాను. నా మెళ్ళో ఈ కార్డు చూశారూ... ఇది తెరిచేది రెండే తలుపులు. ఒకటి భోజనాల టెంటు, రెండోది మరుగుదొడ్డి. డాక్టరుగారితో మాట్లాడాలి బాబూ అని మీ గేటు దగ్గర మనిషిని అడిగితే, ఒంట్లో బాగాలేదా అన్నాడు. బానే ఉన్నానయ్యా అన్నాను. బాగుంటే డాక్టరెందుకూ అన్నాడు. అతనన్నదాంట్లో మాత్రం తప్పేముంది చెప్పండి! సరే అని పక్కకెళ్ళి, కాసేపాగి తిరిగొచ్చి, గుండె పట్టుకున్నాను. ఇద్దరు మనుషులు కుర్చీలో మోసుకొచ్చారు పాపం.

మా ఇంటివాళ్ళం డాక్టర్లకి అబద్ధం చెప్పడం ఇదేం మొదటిసారి కాదులెండి. ఆ సంగతి చెప్పుకుందామనే వచ్చాను.

అయ్యో, మీరు తినండి. ఆ డబ్బాకి మూత పెట్టకండి. తింటూ వినండి, చాలు. ఇప్పుడు పన్నెండున్నర. రేసు మూడింటికి. మీ లిస్టులో నలభై ఒకటో నంబరు ఉంది చూడండి, నిన్న సాయంత్రం చివరి మలుపులో కారుతో వెళ్ళి గోడకి కొట్టుకుందీ, ఆ పిల్ల తండ్రిని నేను.

ఆఁ, ఆ పిల్లే. గోడకి కొట్టుకున్నాక మీరే పరీక్ష చేశారు. స్కాన్ తీశారు. ఫరవాలేదు, రేపు నడపొచ్చు అని కాగితం మీద సంతకం పెట్టారు. ఆ కాగితం గురించే నేను మాట్లాడాలి.

ఉండండి, ఉండండి. తప్పు మీదని అనడం లేదు. కాస్త వెనక్కెళ్ళి చెప్పనివ్వండి, లేకపోతే మీకు అర్థం కాదు.

నేను బస్సు డిపోలో మెకానిక్కుని. బ్రేకుల సెక్షను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పొద్దున్న బండి బయటికెళ్ళేముందు షీటు మీద సంతకం పెట్టేది నేను. నేను పెట్టందే బస్సు కదలదు. బ్రేకు డ్రమ్ములో వెంట్రుకంత పగులు కనబడినా పెట్టను, మా మేనేజరొచ్చి ఒంటికాలి మీద లేచినా సరే. గొప్పకి చెప్పుకోవడం లేదమ్మా. తరవాత పనికొస్తుందని చెబుతున్నాను.

ఆదివారాలు మాత్రం ఊరి చివర గోకార్టులు, అదే నేలబారు బుల్లి రేసుకార్లు, తిప్పే మైదానంలో ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. పిల్లకప్పుడు ఏడేళ్ళు. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది, ఆదివారం వస్తే మిషను మీంచి లేవదు. అందుకని దీన్ని నాతో తీసుకుపోయేవాణ్ణి. టైర్ల గుట్టమీద కూర్చుని బిస్కెట్లు తింటూ చూసేది. ఒకరోజు జనం లేరు కదా అని కార్టులో కూర్చోబెట్టాను. కాళ్ళందలేదు. పెడళ్ళకి చెక్కముక్కలు పెట్టి తీగతో బిగించాను. రెండు రౌండ్లు తిరిగి దిగుతుందిలే అనుకున్నాను. పెట్రోలు అయిపోయేదాకా దిగితే ఒట్టు! దిగింతరవాత ఏమందో తెలుసా? "నాన్నా, ఎడంపక్క బ్రేకు లేటుగా పడుతోంది" అంది. చూస్తే నిజమే. బ్రేకుల మెకానిక్కుని, నాకు తెలీలేదు.

ఇంక చెప్పేదేముంది, పిచ్చెక్కింది. పిల్లక్కాదు, నాకు.

పిల్లెంత తేలికంటే, గాలొస్తే ఎగిరిపోయేట్టు ఉండేది. ఇప్పటికీ నేను పిట్టా అనే పిలుస్తాను. కార్టు రేసుల్లో బండీ మనిషీ కలిసి ఇంత బరువుండాలని నియమం ఉంటుంది కదా. దీనికి తగ్గేది. సీసం పలకలు కోసి, బెజ్జాలు వేసి, సీటుకి బోల్టులతో బిగించేవాణ్ణి. వాళ్ళమ్మేమో పక్కటెముకలకి తగలకుండా దూది కుక్కి చొక్కా కుట్టేది. దాని బరువు నా చేతిలో, దాని ఎముకలు వాళ్ళమ్మ చేతిలో. ఆ రోజులే బాగున్నాయమ్మా. ఏ నట్టు వదులుగా ఉందో, ఏది బిగుతుగా ఉందో నాకు తెలిసేది.

ఇంకోటి కూడా చెప్పాలి, ముఖ్యం. ఏ ఊళ్ళో రేసున్నా ముందురోజే దాని చేత దారంతా వప్పజెప్పించేవాణ్ణి. వంటింట్లో బల్లమీద ఉప్పు డబ్బా మొదటి మలుపు, గరిట రెండోది, గ్లాసు మూడోది. కళ్ళు మూసుకుని చెప్పాలి. ఇక్కడ బ్రేకు, ఇక్కడ వదలాలి, ఇక్కడ స్తంభం దాటాక తిప్పాలి. ఎక్కం వప్పజెప్పినట్టు గడగడా చెప్పేది. రేసు పొద్దున్న మళ్ళీ ఒకసారి. నేను హెల్మెట్టు మీద రెండుసార్లు కొడితే మొదలుపెట్టాలి. పద్నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా తడబడలేదు.

సరే, కార్టులయ్యాయి. తరవాత చిన్న కార్లు. తరవాత రెక్కలున్న కార్లు. అది ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నన్ను ఒక్కో గుమ్మం అవతలికి నెట్టారు. తప్పుపట్టడం లేదు, అదంతే. మొదట ఇంజను ముట్టుకోవద్దన్నారు. తరవాతి ఏడు నేల మీద పసుప్పచ్చ గీత గీసి, మీరు ఇటువైపుండండి సార్ అన్నారు. ఆ తరవాత గాజు తలుపు. రెండేళ్ళ క్రితం ఈ పెద్ద టీములో చేర్చుకుని, ఎవరికైనా ఏమన్నా అయితే నువ్వు నడుపుదువుగాని అని పక్కన కూర్చోబెట్టారు. అప్పట్నించీ నేను భోజనాల టెంటులోనే. టీవీలో చూస్తాను. డిపోలో అందరూ అడుగుతారు, నీ కూతురి కారు ఎలా ఉంటుందని. ముట్టుకుని చూస్తేగా చెప్పడానికి!

ఇప్పుడు అసలు సంగతి. నీళ్ళున్నాయా ఇక్కడ? ఆఁ, చాలు.

దానికి పదమూడేళ్ళప్పుడు కార్టు రేసులో వెనకనించి ఎవరో గుద్దారు. తల విసురుగా ఊగింది. అక్కడి డాక్టరుగారు పది మాటలు చెప్పి, తిరిగి చెప్పమ్మా అన్నారు. నాలుగే చెప్పింది. ఒంటికాలి మీద నించోమంటే తూలింది. ఫైనలుకి పంపను అన్నారాయన. ఆ ఫైనల్లో ముందొచ్చిన ఇద్దరికి ఒక పెద్ద టీమువాళ్ళు తమ దగ్గరే ఉంచుకుని శిక్షణ ఇస్తారు. ఎప్పుడూ దీని వెనకాల పొగ మింగుతూ వచ్చే అబ్బాయికి దక్కిందది. ఇది కారులో కూర్చుని ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది.

ఆయన చేసింది సరైన పనే. పిల్ల వారం రోజులు కర్టెన్లు దించేసి పడుకుంది. వెలుగు పడితే వాంతి. అదీ నా కళ్ళతోనే చూశాను. చూసి నేను నేర్చుకున్నదేమిటో వినండి.

ఆయనిచ్చిన కాగితం తీసి చదివాను. రెండు వరసలున్నాయి అందులో. ఏడాది మొదట్లో, బుర్ర బాగున్నప్పుడు పెట్టిన పరీక్షలో ఎన్ని మార్కులు, దెబ్బ తగిలాక ఎన్ని. రెండింటికీ తేడా ఎక్కువుంటే ఆపేస్తారు. కొలతలు చూడ్డం నా వృత్తి కదా! దెబ్బ తగిలాక వచ్చే అంకె మన చేతిలో లేదు. మొదటి అంకె మాత్రం మన చేతిలోదే కదా. అది ముందే తగ్గించి పెట్టుకుంటే?

అర్థమైంది మీకు. మీ మొహం చూస్తే తెలుస్తోంది.

అవునమ్మా. నేనే నేర్పాను. మరుసటేడు పరీక్షకి వెళ్ళేముందు, వచ్చినా రానట్టు ఉండు, మొద్దుగా ఉండు అన్నాను. బల్బు వెలగ్గానే బటన్ నొక్కమంటారు, మనసులో ఒకటి లెక్కపెట్టుకుని నొక్కు. ఒంటికాలి మీద నించోమంటే కాస్త తూలు. పది మాటలు చెబితే కొన్ని మింగేయ్. మొదటిసారి నటన మరీ ఎక్కువై నాలుగే చెప్పింది, ఆ డాక్టరు నన్ను పక్కకి పిలిచి బళ్ళో ఎలా చదువుతుందండీ అని జాలిగా అడిగాడు. బయటికొచ్చాక, అంత మొద్దుగా కాదే తల్లీ, ఆరు చెప్పు ఆరు, అన్నాను. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. నవ్వుకున్నామమ్మా!

ఇప్పుడు దానికి ఇరవయ్యొకటి. ఏడేళ్ళయింది. ఆ మొదటిసారి తప్ప ఏటా ఆరే.

నిన్న మీ ముందు ఎన్ని చెప్పింది? ఆరేగా? ఆ ఫైలు తీయక్కర్లేదు, నాకు తెలుసు. మీ కాగితంలో ఏడాది మొదట్లో ఆరు, నిన్న కూడా ఆరు. తేడా లేదు. సంతకం. కానీ ఆ మొదటి ఆరు వేరు, నిన్నటి ఆరు వేరు. మొదటిది పది తెలిసి నాలుగు మింగేసిన ఆరు. నిన్నటిది ఉన్న బలమంతా కూడగట్టుకుని, ముక్కీ మూలిగీ చెప్పిన ఆరు.

మీకెప్పుడూ అనుమానమే రాలేదా డాక్టరమ్మా? అంత వేగంలో అంగుళం తేడా లేకుండా బ్రేకు వేసే పిల్ల, పది మాటలు గుర్తుపెట్టుకోలేదా? ఎవరూ అడగలేదేం? ...లేదు, లేదు, క్షమించండి. ఏ మొహం పెట్టుకుని మిమ్మల్ని అడుగుతున్నాను నేను.

మా ఆవిడ ఒక్కటే అడిగింది మొదట్నించీ. చెయ్యి విరిగితే అతుక్కుంటుంది, కాలు విరిగినా అతుక్కుంటుంది, తలకి మాత్రం ఏమీ కాకూడదు అంది. నేనేమన్నానో తెలుసా? అక్కడ డాక్టర్లుంటారే, ఏమాత్రం తేడా కనబడినా ఎక్కనివ్వరు, పెద్ద పరీక్షలు పెడతారు అన్నాను. ఆ మాట పట్టుకునే పద్నాలుగేళ్ళుగా మిషను తొక్కుతోంది. రేసు నడుస్తున్నంతసేపూ ఫోను బోర్లించి పెడుతుంది. నిన్న కూడా, పరీక్ష పాసైందటగా అని నాకే ధైర్యం చెప్పింది.

ఈ పొద్దున్నేం జరిగిందో చెబుతాను. మా ఇద్దరినీ ఒకే హోటల్లో దింపారు. టిఫిన్ దగ్గర కూర్చున్నాం. "అమ్మకి ఫోన్ చేశావా నాన్నా?" అంది. చేశానమ్మా అన్నాను. రొట్టె ముక్క తుంచింది. "అమ్మకి ఫోన్ చేశావా?" అంది. చేశాను, నువ్వు తిను అన్నాను. కాసేపాగి గ్లాసులో నీళ్ళు పోసుకోబోయి బల్లమీద పోసింది. తుడుస్తూ, అదే గొంతుతో, అంతే మామూలుగా, "అమ్మకి ఫోన్ చేశావా నాన్నా?" అంది.

లేచి గదికెళ్ళాం. వసారాలో గోడకి చెయ్యి ఆనించుకుని నడిచింది. లైటు ఆర్పెయ్యమంది.

అప్పుడు హెల్మెట్టు లేదు కాబట్టి బల్లమీదే రెండుసార్లు కొట్టాను. నవ్వి కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, బాగానే చెబుతోంది. ఆరు దాకా వచ్చింది. ఏడో మలుపు దగ్గర ఆగిపోయింది. అది తేలికైన మలుపమ్మా, అక్కడ బ్రేకే అక్కర్లేదు! మళ్ళీ మొదట్నించీ వచ్చింది. ఏడు దగ్గర మళ్ళీ ఆగింది. మూడోసారి ఆరు కూడా రాలేదు.

కళ్ళు తెరిచి నావంక చూసింది. అప్పుడు దానికీ తెలిసింది, నాకూ తెలిసింది.

చెప్పేద్దాం తల్లీ, డాక్టరుగారికి చెప్పేద్దాం, ఇదొక్కటే రేసు కాదుగా అన్నాను. ఇదొక్కటే అంది. అదీ నిజమేనమ్మా. అసలు నడిపే అతను సైకిలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వచ్చే రేసుకి అతను తిరిగొస్తాడు. రెండేళ్ళు పక్కన కూర్చుంటే దొరికింది ఈ ఒక్క రోజు. ఈరోజు బాగా నడిపితే వచ్చే ఏడు దానికో సీటు. లేకపోతే దాని వెనకాల ఇంకో పదిమంది ఉన్నారు.

అయినా చెప్పేద్దాం అన్నాను. అప్పుడంది.

"నువ్వే నేర్పావుగా నాన్నా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తట్టుకునేవాణ్ణి. చిన్నప్పుడు చెక్కముక్క పెడలు మీంచి జారిపోతే, నువ్వే కట్టావుగా నాన్నా అనేది, అచ్చం అలా అంది.

తరవాత కారొచ్చి దాన్ని తీసుకుపోయింది. అప్పట్నించీ కాళ్ళకి బలపం కట్టుకుని తిరుగుతున్నాను. వాళ్ళ ఇంజినీరు దొరికితే, మా పిల్లకి బాగాలేదు సార్ అన్నాను. పెద్దమనిషి, భుజం మీద చెయ్యేసి, కంగారు సహజమండీ, డాక్టరు సరే అన్నారుగా అన్నాడు. మేనేజరూ అదే మాట. మంచినీళ్ళిచ్చే అమ్మాయి కూడా అదే మాట. ఎవరిని పట్టుకున్నా డాక్టరు సరే అన్నారుగా, డాక్టరు సరే అన్నారుగా. మీ కాగితం అందరికీ గోడలా అడ్డం నిలబడింది. ఆ గోడ కట్టిందేమో నేను.

పిలిచి మళ్ళీ పరీక్ష పెడతారా? ఏం లాభం లేదమ్మా. ఆరు చెబుతుంది. అయిదు చెప్పినా మీ లెక్కకి సరిపోతుంది. నేనంత బాగా నేర్పాను. నించోమంటే పళ్ళు బిగించి నించుంటుంది. స్కాన్ లో ఇలాంటి దెబ్బ కనబడదని మీరే అన్నారట. ఇవాళ మళ్ళీ ఏదైనా తగిలిందనుకోండి, మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ... దాని సంగతి మీకు నేను చెప్పాలా? పగిలిన డ్రమ్ము పైకి బాగానే తిరుగుతుంది. బ్రేకు పడినప్పుడు తెలుస్తుంది.

ఏమిటిది? ఈ కాగితమేమిటి?

నేను చెప్పిందంతా రాసి... సంతకమా? నోటితో చెప్పానుగా, చాలదా? మీకే అనుమానం వచ్చి ఆపారని రాసుకోకూడదూ? నా పేరు లేకుండా కుదరదా?

కుదరదు. ఆఁ. ఎలా కుదురుతుంది.

అంటే ఏడేళ్ళ పరీక్షలూ బయటికి తీస్తారన్నమాట. మోసం అంటారు. దాని లైసెన్సు ఉంచుతారో లాగేస్తారో మీరూ చెప్పలేరు. ఇదొక్క రేసు కాదు, అన్నీ పోవచ్చు. అంతేనా? అబద్ధం చెప్పకుండా చెప్పండి, పరవాలేదు. నిన్నటిదాకా ఆ పిల్ల కోసం నేనేదైనా చెయ్యగలను అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా చేతిలో మిగిలింది ఇదొక్కటే. ఇది చేసినా అది పోతుంది, చెయ్యకపోయినా పోతుంది.

పెన్ను ఇటివ్వండి.

...ఇది రాయడం లేదు. చూశారా, పెన్ను రాయకపోతే ఒక్క క్షణం ఎంత సంతోషమేసిందో నాకు! సిగ్గులేని ప్రాణం. ఇంకోటివ్వండి.

డిపోలో రోజుకి ఇరవై పెడతాను. ఇక్కడ ఒక్కదానికి ఇంతసేపు పట్టింది. ఇదిగో. తీసుకోండి. పూర్తిగా రాశాను, చదువుకోండి, తండ్రి అని కూడా రాశాను.

మీరు ఫోన్ చేస్తారు, వాళ్ళు దాన్ని ఇక్కడికి పంపిస్తారు. పంపినప్పుడు నేనిక్కడే ఉంటాను. బయటికి పొమ్మనకండి. గుండెనొప్పని రాసి పడుకోబెట్టండి కావాలంటే. ఎవరు చెప్పారని అడుగుతుంది. మీరేం దాచొద్దు. మీ నాన్నే అని చెప్పండి.

ఏడుస్తుంది. తిడుతుంది. జన్మలో మాట్లాడనంటుంది, అన్నమాట మీద నిలబడే పిల్ల కూడాను. ఎందుకు చెప్పావు నాన్నా అంటుంది. చెబుతాను. ఆ తల నాక్కావాలి తల్లీ, మిగతావేమీ అక్కర్లేదు అని చెబుతాను. వింటుంది. అయిదు నిమిషాలయ్యాక మర్చిపోయి మళ్ళీ అడుగుతుంది, అంతే కొత్తగా, ఎందుకు చెప్పావు నాన్నా అని.

అడిగినన్నిసార్లూ చెబుతానమ్మా. ఇంకేం చెయ్యను.